రీడింగు రాని నాలుగు గంటలను ఏమని రాయాలి?

ఇందుకూరుపేట మండలం నుంచి ఒక పాఠకురాలు, తన పేరూ ఊరి పేరూ ప్రచురించవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె బి.టెక్. పూర్తి చేసి, తనకు వరుసకు చిన్నాయన అయ్యే ఒకాయన నెల్లూరులో నడుపుతున్న చిన్న సంస్థలో పనిచేస్తున్నారు. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట తీరప్రాంతపు రొయ్యల చెరువుల్లో ఆ సంస్థ కొలత పెట్టెలను అమర్చింది. ఒక్కొక్క పెట్టె పది నిమిషాలకొకసారి నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను, అంటే రైతులు డీవో అని చెప్పుకునే విలువను, దానితోపాటు నీటి ఉష్ణోగ్రతను కొలిచి పంపుతుంది. ఉదయం ఆరు గంటల వరకు గడిచిన రోజంతటి సగటును లెక్కగట్టి ప్రతి రైతు ఫోనుకూ పంపడం, డీవో లీటరుకు 3 మిల్లీగ్రాములకన్నా తగ్గితే హెచ్చరిక మోగించడం, ఈ రెండు పనులనూ ఆమె పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాము చేస్తుంది.

కష్టం ఖాళీ రీడింగులతో మొదలైంది. తొలి రోజుల్లో ఒక్క రీడింగు రాకపోయినా రోజు సగటు మొత్తం ‘నాన్’, అంటే ‘సంఖ్య కాదు’, అని కనిపించేది. ఇదేమిటని రైతులు అడగడంతో చిన్నాయన ఖాళీల్లో సున్నా పెట్టమన్నారు. పెట్టిన రాత్రే అనేక చెరువులకు హెచ్చరికలు మోగాయి. నిద్ర లేచి గట్ల మీదికి పరుగెత్తిన రైతులు తిట్టిపోశారు. అప్పుడు ఆమె ఖాళీలను వదిలేసి ఉన్నవాటికి మాత్రమే సగటు తీసే, పైథాన్‌లో లెక్కలకు వాడే నంపై లైబ్రరీలోని ఫంక్షన్ నాన్‌మీన్‌ను వాడారు. రిపోర్టులు నున్నగా వచ్చాయి, ఫిర్యాదులు ఆగిపోయాయి. ఇటీవల ఒక రైతు చెరువులో తెల్లవారేసరికి రొయ్యలు చచ్చి తేలాయి. ఆ ఉదయం ఆయన ఫోనుకు వెళ్లిన సగటు 5.6. రాత్రి హెచ్చరిక మోగలేదు. ఆయన ఆ రోజు రికార్డు మొత్తం కావాలంటున్నారు. తీసి చూస్తే రాత్రి రెండు నుంచి ఆరు వరకు ఒక్క విలువా లేదు. ఆరు గంటలకు వచ్చిన మొదటి వరుసలో నీటి ఉష్ణోగ్రత 85 డిగ్రీలని ఉంది. ఆ రాత్రి కరెంటు పోయిందనీ, జనరేటర్ ఆలస్యంగా ఆన్ చేశారనీ ఊళ్లో చెప్పుకుంటున్నారు; కొలత పెట్టెకు కూడా ఆ లైనే ఆధారం. ఆ నాలుగు గంటలనూ ‘సరిగ్గా నింపి’, 85ను తీసేసి, శుభ్రమైన కాగితం రైతుకు ఇవ్వమని చిన్నాయన అంటున్నారు. చిన్నాయన మాటకు ఎదురు చెప్పవద్దని ఇంట్లో అంటున్నారు. తన ప్రోగ్రాము వల్లే ఆ చెరువు పోయిందా, ఖాళీలు నింపడం మోసమా లేక ఈ వృత్తిలో అందరూ చేసే పనేనా అని అడుగుతూ, నిద్ర పట్టడం లేదని ఆమె రాశారు.

మీ ఉత్తరంలో లెక్కకు సంబంధించిన చిక్కు, మనుషులకు సంబంధించిన చిక్కు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. లెక్క సంగతి తేలితే మీ చిన్నాయనతోనూ, ఆ రైతుతోనూ ఏం మాట్లాడాలో చాలావరకు తేలుతుంది కనుక ముందుగా దానిని చూద్దాం. రాని విలువ గురించి ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు అది ఎందుకు రాలేదన్నది అడగాలి; మీరు ఇంతవరకు వాడిన మూడు పద్ధతుల్లోనూ ఆ ప్రశ్న అడిగే చోటే లేదు.

హెచ్చరిక ఎందుకు మోగలేదో మీ ప్రోగ్రాములోని ఒక్క వాక్యం చెబుతుంది. డీవో 3 కన్నా తక్కువైతే మోగించు అని మీరు రాశారు. రీడింగు రాని వేళ ఆ స్థానంలో నాన్ ఉంటుంది. నాన్‌ను ఏ సంఖ్యతో పోల్చినా, తక్కువా అని అడిగినా, ఎక్కువా అని అడిగినా, సమానమా అని అడిగినా, అబద్ధం అనే జవాబు వస్తుంది. తనతో తాను సమానమా అని అడిగినా అదే జవాబు. కాబట్టి ఆ నాలుగు గంటల్లో పది నిమిషాలకొకసారి మీ ప్రోగ్రాము ‘3 కన్నా తక్కువా?’ అని అడిగింది, కాదని జవాబు వచ్చింది, ఊరుకుంది. నీరు బాగున్నప్పుడూ, నీటి సంగతి ఏమీ తెలియనప్పుడూ ఒకేలాంటి నిశ్శబ్దం వచ్చేటట్లు ఆ వాక్యం ఉంది. అదే షరతును తిరగేసి, డీవో 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉందని రుజువైతేనే ఊరుకో, లేకపోతే మోగించు అని రాసి ఉంటే, నాన్ వచ్చినప్పుడు కూడా మోగేది. సంఖ్యలన్నిటికీ ఈ రెండు వాక్యాల అర్థం ఒక్కటే. నాన్ దగ్గర మాత్రమే అవి విడిపోతాయి. ప్రాణాధారమైన షరతును ఏ వైపు నుంచి రాశామన్నది ఎంత ముఖ్యమో ఈ వృత్తిలో ఉన్నవారందరికీ మొదటి రోజే చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

నాన్ ఈ విధంగా ప్రవర్తించడం పైథాన్ లోపం కాదు. కంప్యూటర్లలో దశాంశ విలువలు ఎలా ఉండాలో నిర్దేశించిన ఐఈఈఈ 754 ప్రమాణం 1985లో వెలువడింది. దాని రూపకల్పనలో ముందున్న విలియం కహన్‌కు 1989లో కంప్యూటర్ రంగపు అత్యున్నత గౌరవమైన ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. సున్నాను సున్నాతో భాగించడం, అనంతంలోంచి అనంతాన్ని తీసివేయడం, రుణ సంఖ్యకు వర్గమూలం అడగడం వంటి అర్థం లేని పనులకు ఏదో ఒక సంఖ్యను జవాబుగా ఇచ్చి మభ్యపెట్టకుండా, ‘ఇది సంఖ్య కాదు’ అనే గుర్తును ఇచ్చి, ఆ గుర్తు తరువాతి లెక్కల్లోకి కూడా పాకేటట్లు చేయాలని ఆ ప్రమాణం నిర్ణయించింది. ఒక్క ఖాళీ వల్ల మీ సగటు మొత్తం నాన్ కావడం ఆ పాకుడే. రైతులకు అది చికాకు కలిగించిన మాట నిజం, కానీ ఆ రోజుల్లో మీ రిపోర్టు అబద్ధం చెప్పలేదు. అయితే ఆ ప్రమాణం చెల్లని లెక్క కోసం ఏర్పరచిన గుర్తునే నంపై, పట్టికల పనికి వాడే పాండాస్ వంటి లైబ్రరీలు కొలత రాకపోవడానికి కూడా వాడుకున్నాయి. ‘లెక్క చెడింది’, ‘విలువ అందలేదు’ అనే రెండు వేర్వేరు సంగతులకు ఒకే గుర్తు ఉండటం వల్ల, చూసేవారికి ఏది జరిగిందో తెలియకుండా పోతుంది. గణాంకాల కోసమే తయారైన ఆర్ భాషలో వీటికి వేర్వేరు గుర్తులున్నాయి. నాన్‌లో ఖాళీగా మిగిలే బిట్లలో 1954 అనే సంఖ్యను దాచి, అది ఉంటే విలువ అందలేదని ఆ భాష గుర్తిస్తుంది. పాండాస్ కూడా 2020లో వచ్చిన 1.0 నుంచి ఎన్ఏ అనే వేరే గుర్తును ఇస్తోంది. మీరు ఆ సౌకర్యాలను వాడినా వాడకపోయినా, కారణాన్ని రాయడానికి మీ పట్టికలో ఒక ప్రత్యేకమైన నిలువు వరుస పెట్టుకోవడం అన్నిటికన్నా భద్రం.

ఆ వరుసలో ఏం రాయాలో చెప్పడానికి మీ 85 డిగ్రీలే చక్కని ఉదాహరణ. ఉత్తరంలో మీ పెట్టెలోని ఉష్ణోగ్రత సెన్సరు డీఎస్18బీ20 అని రాశారు. ఆ చిప్‌కు కరెంటు వచ్చిన వెంటనే, అది ఇంకా కొలత పూర్తి చేయకముందే అడిగితే, తన జ్ఞాపకంలో మొదటి నుంచి ఉండే 85 డిగ్రీల విలువను ఇస్తుంది. అది నీటి వేడి కాదు. కానీ దాని వెనుక ఒక నిజమైన వార్త ఉంది. ఆ పెట్టెకు కరెంటు పోయి, అప్పుడే తిరిగి వచ్చిందని అది చెబుతోంది. మీ చిన్నాయన చెప్పినట్లు దానిని చెరిపేస్తే, ఆ నాలుగు గంటల ఖాళీకి కరెంటే కారణమని చూపగలిగే ఆధారం మీ దగ్గర లేకుండా పోతుంది. లెక్కలోకి మాత్రం దానిని రానివ్వకూడదు, ఎందుకంటే డీవో విలువను ఉష్ణోగ్రతను బట్టి సవరిస్తారు కనుక ఆ వరుసలోని డీవో కూడా నమ్మదగింది కాదు. లెక్కలోంచి తీయడం వేరు, రికార్డులోంచి తీయడం వేరు.

మీ పట్టికలో కనిపిస్తున్నాయని మీరు రాసిన మిగిలిన వింత విలువలను కూడా ఇలాగే ఒక్కొక్కటిగా అడగాలి. ఉష్ణోగ్రత -127 అని వస్తే, ఆ సెన్సరు తీగ ఊడిపోయిందని దానిని చదివే ప్రసిద్ధ లైబ్రరీ చెప్పే పద్ధతి అది. 65535 వస్తే, పదహారు బిట్లూ ఒకట్లయిపోయాయి, అంటే సమాచారం తెచ్చే దారిలో ఎక్కడో తెగింది. -999 అన్నది కొలత లేదని చెప్పడానికి దశాబ్దాలుగా వాడుకలో ఉన్న గుర్తు. భారత వాతావరణ శాఖ గళ్లవారీగా ఇచ్చే వర్షపాతం ఫైళ్లలో కూడా అదే ఉంటుంది, అదే శాఖ ఉష్ణోగ్రత ఫైళ్లలో అయితే 99.9 ఉంటుంది. ఇటువంటి గుర్తులను ఫైలు చదివే సమయంలోనే, ఒక్కొక్క నిలువు వరుసకూ విడివిడిగా, నాన్‌గా మార్చి, మార్చినట్లు కారణం వరుసలో రాసుకోవాలి. ఒక్క -999 సగటులో కలిసినా పట్టుబడుతుంది, 99.9 వంటిది ఇతర విలువల మధ్య ఇట్టే దాక్కుంటుంది. డీవో -0.1 వచ్చిందంటే, నీటిలో ఉండి కొలిచే ప్రోబు క్రమాంకనం కొంచెం తప్పిందనీ, అసలు విలువ సున్నాకు దగ్గరగా ఉందనీ అనుమానించాలి. దానిని చెల్లనిదని పారేస్తే అత్యంత ప్రమాదకరమైన క్షణాన్నే పారేసినట్లు అవుతుంది.

ఇక్కడే మీకు మరొక హెచ్చరిక చెప్పాలి. అసాధ్యమైన విలువలను పట్టుకోవడానికి హద్దులు పెట్టేటప్పుడు, అరుదైన వాటిని అసాధ్యాల కింద జమకట్టే ప్రమాదం ఉంది. 30 డిగ్రీల మంచినీటిలో గాలి నుంచి కరగగలిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు, ఉప్పునీటిలో అంతకన్నా తక్కువ. ఆ పుస్తకం లెక్క చూసి 8 పైన వచ్చినవన్నీ తప్పులని మీరు కొట్టేస్తే, పచ్చగా నాచు పట్టిన చెరువులో ఎండవేళ నిజంగా వచ్చే 11నూ 12నూ కూడా కొట్టేస్తారు. అటువంటి చెరువులోనే రాత్రి డీవో బాగా పడిపోతుంది కూడా. ప్రపంచానికి తెలిసిన ఉదాహరణ అంటార్కిటికా ఓజోన్‌ది. 1985 మే నెలలో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకు చెందిన ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అక్కడి ఓజోన్ విపరీతంగా తగ్గుతోందని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. నాసా నింబస్-7 ఉపగ్రహం మీది పరికరం కూడా ఆ తగ్గుదలను కొలుస్తూనే ఉంది. ఓజోన్ కొలమానంలో 180 డాబ్సన్ యూనిట్ల కన్నా తక్కువ వచ్చిన విలువలను అక్కడి ప్రోగ్రాము అనుమానాస్పదమని గుర్తు పెట్టేది. కంప్యూటరు వాటిని పారేసిందని లోకంలో ఒక కథ ప్రచారంలో ఉంది కానీ, అవి గుర్తుతో సహా భద్రంగా ఉన్నాయి. అందువల్లనే నాసా వారు మళ్లీ పరిశీలించి అవి నిజమని తేల్చగలిగారు. మీరు కూడా సందేహం ఉన్న విలువ పక్కన సందేహమని రాయండి, విలువను అలాగే ఉంచండి.

ఇప్పుడు సగటు సంగతి. నాన్‌మీన్ ఖాళీలను వదిలేసి మిగిలిన వాటికి సగటు తీస్తుంది. పాండాస్‌లో సగటు అడిగితే మీరు చెప్పకపోయినా అదే చేస్తుంది. ఖాళీలు ఎక్కడపడితే అక్కడ, విలువతో సంబంధం లేకుండా పడితే అది పెద్దగా చెడగొట్టదు. గణాంక శాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ 1976లో ఈ భేదాన్ని సిద్ధాంతంగా చెప్పారు: ఖాళీ పడటానికి కారణం విలువతో సంబంధం లేనిదా, మనకు కనిపిస్తున్న ఇతర విలువలతో సంబంధం ఉన్నదా, లేక కనిపించని ఆ విలువతోనే సంబంధం ఉన్నదా అన్నదాన్ని బట్టి లెక్క మారాలి. మీది మూడవ రకం. కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగుతాయి, డీవో పడిపోతుంది. ఆ కరెంటుతోనే మీ పెట్టె కూడా ఆగుతుంది. అంటే డీవో పడిపోయే గంటలనే మీ పెట్టె కొలవకుండా వదిలేస్తుంది. నిండు కడుపుతో ఉన్నవారిని మాత్రమే అడిగి ఊళ్లో ఆకలి లేదని రాసినట్లుగా, మీ రిపోర్టు చెరువు బాగున్న గంటలనే అడిగి చెరువు బాగుందని రాసింది.

అయితే ఆ నాలుగు గంటల రీడింగులు వచ్చి ఉంటే మాత్రం సగటు ఎంత మారేదో ఒకసారి లెక్క వేసి చూడండి. రోజుకు 144 రీడింగులు రావాలి, మీకు 120 వచ్చాయి, వాటి సగటు 5.6. రాని 24 రీడింగులూ 2 చొప్పున ఉన్నాయనుకుంటే మొత్తం సగటు 5.0 అవుతుంది. రొయ్యకు 3 దిగువన ఒత్తిడి మొదలవుతుంది, 2 దాకా చాలాసేపు ఉంటే ప్రాణాల మీదికి వస్తుంది. కానీ ఒక్క ఖాళీ కూడా లేని నిండు రిపోర్టు సైతం ఆ ఉదయం 5.0 అని చెప్పి రైతును నిశ్చింతగా ఉంచేది. కాబట్టి ఖాళీలను నింపే పద్ధతి ఎంత మెరుగుపరిచినా మీ రిపోర్టు పని చేయదు. రైతుకు కావలసింది రాత్రి అతి తక్కువ విలువ ఎంత, అది ఎన్నింటికి వచ్చింది, 3 దిగువన ఎంతసేపు ఉంది, రావలసిన 144లో ఎన్ని వచ్చాయి, వాటిలో అతి పొడవైన ఖాళీ ఏ గంట నుంచి ఏ గంట వరకు ఉంది అన్న సంగతులు. కనిష్ఠాన్ని తీసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. నంపైలోని మామూలు కనిష్ఠ ఫంక్షన్ ఒక్క నాన్ ఉన్నా నాన్ ఇస్తుంది. పైథాన్ సొంత మిన్ ఫంక్షన్‌కు నాన్‌ను ముందు ఇస్తే నాన్, సంఖ్యను ముందు ఇస్తే సంఖ్య జవాబుగా వస్తుంది. అంటే వరుస మారితే జవాబు మారుతుంది. రొయ్యల మేత లెక్కకు వాడే కూడిక దగ్గర మరొక గొయ్యి ఉంది: అన్నీ ఖాళీలే అయిన రోజుకు పాండాస్ కూడిక సున్నా అని ఇస్తుంది, దాంతో మేత వివరం నమోదు కాని రోజు మేత వేయని రోజుగా కనిపిస్తుంది. కనీసం ఒక్క విలువైనా ఉంటేనే కూడిక ఇవ్వమని మిన్ కౌంట్ అమరికతో చెప్పవచ్చు.

ఖాళీలు నింపడం మోసమా అని మీరు అడిగారు. నింపడం తనంతట తాను మోసం కాదు, ఈ రంగంలో రోజూ జరిగే పనే. నింపినదాన్ని కొలిచినదిగా చూపడం మోసం. పగటిపూట నెట్‌వర్క్ సరిగా లేక రెండు మూడు రీడింగులు పోతే, అటూ ఇటూ ఉన్న విలువల మధ్య సరళరేఖ గీసి నింపడంలో తప్పేమీ లేదు. అరగంటలో డీవో అంతగా మారదు. ఆ పద్ధతినే నాలుగు గంటల రాత్రి ఖాళీకి వాడితే, రెండు గంటల వేళ ఉన్న 4.2ను, ఆరు తరువాత వచ్చిన 4.6ను కలుపుతూ నిదానంగా పైకి వెళ్లే గీత వస్తుంది. తెల్లవారుజామున డీవో అడుగంటుతుందని పిల్లవాడికి కూడా తెలిసిన చెరువు గట్ల మీద, ఆ గీత ఆ గంటల్లో డీవో పెరిగిందని చెబుతుంది. చివరి విలువనే ముందుకు లాగితే 4.2 దగ్గర కదలకుండా నిలిచిన చెరువు కనిపిస్తుంది. రోజు సగటుతో నింపితే అర్ధరాత్రి చెరువులో మధ్యాహ్నపు ఆక్సిజన్ కనిపిస్తుంది. సున్నాతో నింపితే ఏం జరుగుతుందో మీరు చూశారు. అన్నట్టు ఎక్సెల్‌లో సగటు ఫంక్షన్ ఖాళీ గళ్లను వదిలేస్తుంది, సున్నాలను మాత్రం లెక్కలోకి తీసుకుంటుంది. మీ చిన్నాయన ఎక్సెల్‌లో చూసే సగటూ మీ ప్రోగ్రాము సగటూ అప్పట్లో కలవకపోయి ఉంటే కారణం అదే అయి ఉండవచ్చు. ఎంత పొడవు ఖాళీ వరకు నింపాలో హద్దు పెట్టుకుని, రాత్రి పది నుంచి ఉదయం ఏడు వరకు ఆ హద్దును మరింత తగ్గించి, నింపిన ప్రతి విలువ పక్కన నింపినట్లు గుర్తు పెట్టడం మీకు నేను సూచించగలిగిన పద్ధతి. హెచ్చరిక మాత్రం నింపిన విలువలను ఎన్నడూ చూడకూడదు.

హెచ్చరికలను తిరగరాసేటప్పుడు, ప్రతి ఖాళీకీ గంట మోగిస్తే రైతులు ఫోన్లు కట్టేసి పడుకుంటారు. సున్నా పెట్టిన రాత్రి మీకు ఆ అనుభవం అయింది. రెండు వేర్వేరు మాటలు, రెండు వేర్వేరు శబ్దాలు ఉండాలి. డీవో తగ్గిందన్నది ఒకటి. అరగంటగా మీ చెరువు నుంచి సమాచారం రావడం లేదు, కరెంటు ఉందో లేదో చూసుకోండి అన్నది రెండవది. ఈ రెండవది పెట్టె పంపదు, పెట్టె మౌనాన్ని గమనించే మీ నెల్లూరు ఆఫీసు కంప్యూటరు పంపాలి. పెట్టెలో చిన్న బ్యాటరీ పెట్టిస్తే కరెంటు పోయినా కొలత ఆగదు. ఖర్చు అవుతుంది, కానీ మీ సంస్థ అమ్ముతున్న సేవకు అదే ప్రాణం. కొత్త ప్రోగ్రామును రైతుల ముందు పెట్టే ముందు నాన్, అనంతం, -999, 85, ఖాళీ ఫైలు, రోజంతా ఖాళీ, ఇవన్నీ కావాలని ఇచ్చి ఏం చేస్తుందో చూడండి. చెల్లని లెక్క జరిగినప్పుడు నంపై మామూలుగా ఒక హెచ్చరిక వాక్యం రాసి ముందుకు పోతుంది. అక్కడే ఆగిపొమ్మని ఎర్ర్‌స్టేట్ అమరికతో చెప్పవచ్చు. పరీక్షించే రోజుల్లో అలా ఆపడమే మేలు.

మీ ప్రోగ్రాము వల్లే చెరువు పోయిందా అన్న ప్రశ్నకు వద్దాం. మీ దగ్గరున్న సమాచారంతో అవునని గానీ కాదని గానీ ఎవరూ చెప్పలేరు. ఆక్సిజన్ అందక చనిపోయి ఉండవచ్చు. తెల్లమచ్చ వంటి వ్యాధి ముందే సోకి ఉండి, ఆక్సిజన్ తగ్గిన రాత్రి దానికి తోడై ఉండవచ్చు. హెచ్చరిక మోగి ఉంటే జనరేటర్ త్వరగా ఆన్ చేసేవారేమో కూడా ఊహే. మీరు నిజాయితీగా చెప్పగలిగింది ఒక్కటి ఉంది: రాత్రి రెండు నుంచి ఆరు వరకు మా పెట్టె ఏమీ కొలవలేదు, ఆ సంగతి మీకు తెలియజేసే ఏర్పాటు మా ప్రోగ్రాములో లేదు. ఈ మాట చెప్పడం బరువైన పని. కానీ చెరువంతటి నష్టాన్నీ మీ తలకెత్తుకోవడం, ఏమీ జరగనట్లు కాగితం నింపడం, రెండూ మీకు తెలియని దాన్ని తెలిసినట్లుగా చెప్పడమే అవుతాయి.

రైతుకు ఇవ్వవలసిన కాగితం విషయంలో మీ ముందు కొన్ని దారులున్నాయి. చిన్నాయన చెప్పినట్లు నింపి, గుర్తు లేకుండా ఇస్తే ఈ వారం గడుస్తుంది. కానీ పెట్టె పంపిన అసలు ఫైలు సర్వరులో ఉంది, రైతు ఫోనులో ఆ ఉదయం మెసేజ్ ఉంది, కరెంటు పోయిన సమయం సబ్‌స్టేషన్ రికార్డులో ఉంటుంది. కరెంటు లేని గంటల్లో మీ పెట్టె పది నిమిషాలకొకసారి కొలిచినట్లు చూపే కాగితం ఈ మూడింటితోనూ కలవదు. రేపు ఇది వినియోగదారుల కమిషన్ దాకా వెళితే, మొదట ఉన్నది సేవలో లోపం మాత్రమే, అప్పుడు ఉండేది తయారు చేసిన రికార్డు; దానిని తయారు చేసిన చేయి మీది. రెండవ దారి, ఖాళీలను ఖాళీలుగానే, 85తో సహా, ప్రతి వింత విలువ పక్కన దాని కారణంతో ఇవ్వడం. రైతుకు కోపం రావచ్చు, పెట్టె తీసేయమనవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు. ఆ మాట ఊళ్లో పాకితే మరికొందరు వెనక్కి తగ్గవచ్చు. అయినా ఆ కాగితాన్ని ఎవరు ఎక్కడ పరీక్షించినా నిలుస్తుంది. మూడవ దారి, ఆ అసలు రికార్డుతోపాటు, వేరే పేజీలో, ఇది అంచనా అని పెద్ద అక్షరాలతో రాసి, ఏరియేటర్లు ఆగిన ఇతర రాత్రుల్లో అదే చెరువులో గంటకు డీవో ఎంత తగ్గిందో చూసి, ఆ నాలుగు గంటలకు తక్కువ అంచనా, ఎక్కువ అంచనా రెండూ ఇవ్వడం. అది రైతుకు నిజంగా ఉపయోగపడవచ్చు, కానీ అలాంటి రాత్రుల రీడింగులు మీ దగ్గర లేకపోతే ఆ పనికి పూనుకోవద్దు. నేనైతే రెండవ దారితో మొదలుపెట్టి, రైతు అడిగితే మూడవదానికి వెళ్లడం మంచిదనుకుంటాను. మీ ఇంటి పరిస్థితి, మీ ఉద్యోగం మీకే బాగా తెలుసు.

చిన్నాయనతో మాట్లాడేటప్పుడు ఇది పెద్దల మాటకు ఎదురు చెప్పడంగా మారకుండా చూసుకోవచ్చు. రైతు దగ్గరకు వెళ్లే ముందు, ఇంట్లో అందరి ముందు కాకుండా ఆఫీసులో, మూడు కాగితాలు ఆయన ముందు పెట్టండి: అసలు రికార్డు, ఆయన అడిగినట్లు నింపిన రికార్డు, నింపిన దానిని పట్టించే మూడు ఆధారాల జాబితా. ‘చిన్నాయనా, ఈ రెండో కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలి?’ అని అడగండి. సంస్థ ఆయనది, పెట్టుబడి ఆయనది; నింపిన కాగితం వల్ల ఎక్కువగా మునిగేది కూడా ఆయనే అన్న సంగతి ఆయనకు ఆ ప్రశ్నతో అర్థం కావచ్చు. అర్థం కాకపోతే, నింపిన విలువలకు గుర్తు పెట్టనిదే నేను కాగితం తయారు చేయలేనని మర్యాదగా, మెయిల్‌లో కూడా రాసి చెప్పండి. ఆయన వేరొకరి చేత చేయించవచ్చు, మీకు ఉద్యోగం పోవచ్చు, ఇంట్లో మాటలు పడవలసి రావచ్చు. ఆ మూడూ జరిగే అవకాశం ఉందని తెలిసే నేను ఈ దారి చెబుతున్నాను. సంస్థ ఫైళ్లను ఇంటికి పట్టుకెళ్లడం మాత్రం చేయవద్దు. సర్వరులోని అసలు ఫైళ్లను ఎవరూ మార్చలేకుండా చదవడానికి మాత్రమే తెరుచుకునేటట్లు చేయమని అదే మెయిల్‌లో అడగండి.

చిన్నాయన ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి ఆ రైతు దగ్గరకు వెళ్లండి. ఫోనులో పంపి ఊరుకోవద్దు. కరెంటు ఎన్నింటికి పోయిందో, జనరేటర్ ఎన్నింటికి ఆన్ చేశారో, ఏరియేటర్లు ఎన్ని తిరిగాయో, రొయ్యలు పైకి రావడం మొదట ఎవరు చూశారో ఆయనను అడిగి రాసుకోండి. పక్క చెరువుల్లో మీ పెట్టెలు ఉంటే ఆ రాత్రి వాటి రీడింగులను కూడా ఆయనకు చూపండి. ఆయన చెప్పిన సమయాలను పట్టికలో చేర్చేటప్పుడు పెట్టె విలువల వరుసలో కలపకుండా, ‘రైతు చెప్పినది’ అనే వేరే వరుస పెట్టి అందులో రాయండి. డీవో వరుసలో ఆ ఇరవై నాలుగు గళ్లూ ఖాళీగానే, పక్కన ‘కరెంటు లేదు, కొలత లేదు’ అనే కారణంతో ఉండాలి.